ఓడలో ఒక చోటు

ఒనోతోవా దీవి
ఫిబ్రవరి, 1985

ఒరే బౌరో,

"శ్రీయుత బౌరో గారికి" అని మొదలుపెట్టి రెండు కాగితాలు పాడుచేశాను. చెయ్యి సాగలేదు. అందుకని పాత పిలుపుతోనే రాస్తున్నాను, నీ గుమాస్తాలు చదివితే చదవనీ.

సెలవుకొచ్చిన ఓడ కుర్రాళ్ళు ఊరందరం కూర్చునే మానెయబలో చేరి ఎప్పుడూ నీ సంగతులే. తరావాలో నీ బల్ల మీద ఫాను తిరుగుతుందట. పరదేశపు సరుకు ఓడల్లో ఎవరు ఎక్కాలో నీ నోట్లోంచి పేరు రావాలట. మిషన్ బడిలో పాస్టరుగారి కోడిపుంజును కాల్చుకు తిని, ఈకలు నా చాప కింద దాచినవాడివి నువ్వు. నీ నోటి మాట కోసం జనం కాచుకుని కూర్చోవడమేమిట్రా? నవ్వొచ్చింది. గర్వంగానూ ఉంది.

ఇక్కడ వానల్లేవు. కొబ్బరి పిందెలు పిందెలుగానే రాలిపోతున్నాయి. కల్లు గీస్తే చిప్ప అడుగు కూడా తడవడం లేదు. చేమదుంపల గోతులు నెర్రెలు విచ్చాయి, బావి నీళ్ళు ఉప్పెక్కాయి. మా బావ కిందటేడు కల్లు గీస్తూ చెట్టు మీంచి పడి చనిపోయాడని నీకు తెలుసు. చెల్లెలు తబేత పిల్లల్ని వెంటేసుకుని నా ఇంటికే వచ్చేసింది. నా ఇంట్లో ఏముందని? చేప దొరికిన రోజు చేప, లేని రోజు ఎండిన మొగలిపండు ముద్ద.

దాని పెద్దవాడు తెరాకా. నా మేనల్లుడని చెప్పడం కాదుగానీ బుద్ధిమంతుడు. మీ ఊళ్ళోనే నావికుల బడిలో నేర్చుకుని కాగితం పుచ్చుకుని వచ్చాడు. అప్పట్నించీ ఓడ పిలుపు కోసం చూస్తున్నాడు. వాడొక్కడు ఓడెక్కితే ఇక్కడ అందరి నోళ్ళలోకీ నాలుగు మెతుకులు వెళ్తాయి.

ఇది బుబుసి కాదురా. ఆ మాట నేనెత్తను. ఎత్తితే నువ్వు కాదనలేవు, కాదంటే మన మనుషుల్లో నీ వంశమంతా తలెత్తుకోలేదు. ఆ సంగతి తెలియనివాణ్ణి కాను. ఊరికే అడుగుతున్నాను. వీలైతే చూడు, కాకపోతే కాదని రాసెయ్.

చెల్లెమ్మ రోతాను అడిగానని చెప్పు. మీ అబ్బాయి యోవానె ఎంత ఎదిగాడు?

నీ నకిబే

*

బేసియో, తరావా
మార్చి, 1985

నకిబే,

ఫాను ఉంది, తిరగదు. రెక్క విరిగి ఏడాదయింది. మీ ఓడ కుర్రాళ్ళు చెప్పినదాంట్లో సగం కోసేసి చదువుకో. కోడిపుంజు సంగతి మాత్రం ఇంకెక్కడా రాయకు, నేనిప్పుడు చర్చిలో పెద్దను.

బావ పోయాడని విన్నప్పుడు రాయలేకపోయాను. తబేత చిన్నప్పుడు మన వెనకాలే పరుగెత్తుకొచ్చేది. దాని కష్టం తలుచుకుంటే మనసు బాగుండలేదు. ఈ పడవలో బియ్యం బస్తా, పొగాకు పంపుతున్నాను. బియ్యం దానికి, పొగాకు నీకు. కలిపెయ్యకు.

ఇక అసలు సంగతి. ఓడల వాళ్ళు ఈ ఏడు మనవాళ్ళను బాగా తగ్గించేశారు. పేర్లు రాసేది నేనేగానీ దానికో వరస ఉంది, వరస తప్పితే బేసియో అంతా నా గుమ్మంలో ఉంటుంది. తెరాకా వంతు వచ్చే ఏడు వస్తుంది. ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఒక్క చోటు. దానికోసం ఒక కుర్రాడు చాలా కాలంగా కాచుకుని ఉన్నాడు. వాడి పేరు కొట్టేయడానికి నాకు చెయ్యి రాదు. ఒక్క ఏడాది ఓపిక పట్టమని తబేతతో చెప్పు.

నువ్వు బుబుసి అనలేదు, ఆ మర్యాద ఉంచావు. అందుకే ఉన్నదున్నట్టు రాయగలిగాను.

యోవానె నాకంటే ఎత్తయ్యాడు. ఇంటి దగ్గరే ఉన్నాడు, వాళ్ళమ్మ వండిన కుండ రోజూ అడుగంటా గీకుతున్నాడు.

బౌరో

*

ఒనోతోవా
ఏప్రిల్, 1985

గౌరవనీయులైన బౌరో గారికి,

మీ ఉత్తరమూ బియ్యమూ అందాయి.

ఊరి పెద్దలు ఉత్తరం మానెయబలో చదవమన్నారు. చదివాను. తరవాత తొకినటేనా ముసలాయన పొగ వదులుతూ, "నీ స్నేహితుడి చెయ్యి పొట్టిదిలే, ఒనోతోవా దాకా అందదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను?

వచ్చే ఏడు అన్నారు. వచ్చే ఏడు దాకా ఏం తినాలో రాయలేదు. తబేత చిన్న పిల్లలిద్దర్నీ వాళ్ళ నాన్న తరఫు వాళ్ళకు ఇచ్చేసింది. పడవలో కూర్చోబెట్టి వచ్చి ఇంటి వెనక బోర్లా పడుకుంది, తిండికి లేవలేదు. నాకు అది చూడ్డం చేతకాలేదు.

మీరు చెప్పిన ఆ కుర్రాడెవరో నాకు తెలియదు. వాడికీ తల్లి ఉంటుంది. కానీ వాడుండేది తరావాలో. అక్కడ కొట్లు ఉన్నాయి, ఆఫీసులు ఉన్నాయి, ఏదో ఒకటి చేసుకు బతుకుతాడు. ఇక్కడ ఎండిన చెట్లు తప్ప ఏమీ లేవు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగాను. ఇప్పుడు అడగాల్సిన మాటతోనే అడుగుతున్నాను. బౌరో, ఇది నా బుబుసి. నా చెల్లెలి కొడుక్కి ఆ ఓడలో చోటు కావాలి.

మా అమ్మ ఒప్పుకోలేదు. ఉత్తరంలో బుబుసి ఏమిట్రా, వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ చాప మీద కూర్చుని, ఇంట్లో ఏముందో కళ్ళారా చూసి అడగాలిగానీ అని తిట్టింది. పడవ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? ఆగే ఓపిక నాకు లేదు.

నకిబే

*

బేసియో
మే, 1985

నకిబే,

అలాగే.

వచ్చే పడవలో తెరాకాను పంపు. నావికుల బడి కాగితం, పాస్టరుగారి ఉత్తరం, ఒక జత మంచి బట్టలు తెచ్చుకోవాలి. డాక్టరు చూసిన తరవాత ఓడ ఎక్కుతాడు. అప్పటిదాకా మా ఇంట్లోనే ఉంటాడు.

బౌరో

*

ఒనోతోవా
జూన్, 1985

ఒరే నా బంగారు బౌరో,

నీ ఉత్తరం పొట్టిగా ఉంటే ఉందిలే, అందులో ఉన్న ఒక్క మాట చాలు. తబేతకు వినిపిస్తే నమ్మలేదు, మళ్ళీ చదవమంది, మళ్ళీ చదివాను. ఏడుస్తూనే వెళ్ళి వాడి బట్టలు ఉతికింది.

మొన్నటి ఉత్తరంలో "గారు" అన్నందుకు సిగ్గుగా ఉంది. ఆకలి మనిషిచేత ఏవేవో రాయిస్తుంది, మనసులో పెట్టుకోకు. తొకినటేనా ముసలాయన ఇప్పుడు "బౌరోని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పాను" అని చెప్పుకు తిరుగుతున్నాడు. నిన్ను ఆయన ఎప్పుడైనా చూశాడా అసలు?

తెరాకా చేతికి మొగలి చాప ఇచ్చి పంపాను. అమ్మా తబేతా కలిసి అల్లారు, అంచు పని అమ్మదే. కల్లుపాకం ఒక సీసా. ఎండుచేప మంచిది దొరకలేదు, ఉన్నదే పంపాను. రోతాను ఏమీ అనుకోవద్దను.

నీ కొడుక్కి ఏ ఓడ చూశావురా? చెప్పకపోతే కనిపెట్టలేననుకున్నావా. అందరికీ ఓడలు పంచేవాడు సొంత కొడుక్కి అన్నిట్లోకీ పెద్దది అట్టేపెట్టి ఉంటాడు. దాచు, దాచు. వాడు కెప్టెనయ్యాక ఒనోతోవా ముందు నుంచి పోతూ ఒక్క కూత కూయించమను.

నీ నకిబే

*

బేసియో
ఆగస్టు, 1985

నకిబే,

తెరాకా ఓడ ఎక్కాడు. జపానుకూ ఆస్ట్రేలియాకూ మధ్య తిరిగే సరుకు ఓడ, తిండి బాగుంటుందని పేరు. డాక్టరు చూసి గుండె గట్టిదన్నాడు.

మంచి కుర్రాడు. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అడక్కుండానే నీళ్ళు తోడేవాడు, కట్టెలు కొట్టేవాడు. చలిదేశం అంటే భయపడ్డాడు. యోవానె తన ఉన్ని చొక్కా ఇచ్చేశాడు, ఇద్దరూ వాకిట్లో కూర్చుని తాళ్ళ ముళ్ళు వేయడం మళ్ళీ నేర్చుకున్నారు. ఓడ కదిలే రోజు రేవుదాకా వీడే వాడి పెట్టె మోసుకెళ్ళాడు.

చాప బాగుంది. మీ అమ్మ పనితనం చూడగానే గుర్తుపట్టాను. రోతా దాన్ని ఇంకా పరవలేదు, చుట్టి పైన పెట్టింది.

యోవానెకు ఏ ఓడ అని అడిగావు. చూస్తున్నాం. ప్రస్తుతం సావాసగాళ్ళతో పగడపు దిబ్బ దాటి చూర చేపలకు వెళ్తున్నాడు. పడవ వాళ్ళ మేనమామది, మోటారు పాతది, దాన్ని బాగుచేయడంలోనే వీళ్ళకు పొద్దుపోతోంది. సముద్రం మీద పని చేయాలనుకున్నాడు, చేస్తున్నాడు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఉత్తరాలు ఆలస్యమైతే ఏమీ అనుకోకు.

బౌరో

*

ఒనోతోవా
డిసెంబరు, 1985

ఒరే బౌరో,

మొదట మంచి కబుర్లు. తెరాకా పంపిన డబ్బు తపాలా ఆఫీసుకు రావడం మొదలయింది. తబేత పిల్లలిద్దర్నీ తిరిగి తెచ్చుకుంది. చిన్నది నన్ను గుర్తుపట్టలేదు, రెండు రోజులు వాళ్ళమ్మ కొంగు వదల్లేదు. ఇంటికి రేకుల కప్పు వేశాం, కింద తొట్టి కట్టాం. కప్పు వేశాక వాన పడింది. ఆ చప్పుడు వింటూ అందరం పడుకోకుండా కూర్చున్నాం, అమ్మ పాటలు కూడా పాడింది.

ఊళ్ళో నా మాటకిప్పుడు విలువొచ్చింది. మానెయబలో ముందు వరసకు జరగమంటున్నారు. మా వాణ్ణీ ఎక్కించమని బౌరోకి రాయవా అని ఇంటికొస్తున్నారు. నేనే ఒప్పుకోవడం లేదు, వాణ్ణి విసిగించొద్దని చెప్తున్నాను. చూశావా, నీ బరువు నేనిక్కడ ఎలా మోస్తున్నానో.

ఇక తిట్లు. నేను రాసిన ఉత్తరాలకు ఒక్క జవాబు లేదేమిట్రా? పడవ వచ్చినప్పుడల్లా తపాలా సంచీ ముందు నిలబడి వట్టి చేతులతో తిరిగొస్తున్నాను. పెద్దవాడివయ్యాక చిన్నవాళ్ళ ఉత్తరాలు విప్పడం మానేశావా? విరిగిన ఫాను బాగయిందా, కాగితాలు ఎగిరిపోతున్నాయా?

పండక్కి యోవానె ఇంట్లో ఉంటాడా, నీళ్ళ మీద ఉంటాడా? వాడి ఓడ పేరు రాయి. తెరాకాకు చెప్తాను, ఏ రేవులోనైనా కలుసుకుంటారు.

కోపంగా, నీ నకిబే

*

బేసియో
జనవరి, 1986

నకిబే గారికి,

ఎప్పుడూ అన్నయ్యా అనేదాన్ని. ఇవాళ చెయ్యి రావడం లేదు. నేను రోతాను. ఆయనకు చెప్పకుండా రాస్తున్నాను. మీ ఉత్తరాలు ఆయన విప్పడం మానేశారు, ఈ చివరిది నేను విప్పి చదివాను.

మా యోవానె అక్టోబరులో చేపలకు వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. వాడూ, మా తమ్ముడి కొడుకులిద్దరూ. మోటారు ఆగిపోయి ఉంటుందన్నారు. విమానం వెతికింది, పోలీసు పడవ వెతికింది, తరవాత వెతకడం ఆపేశారు. రేడియోలో పేర్లు చెప్పారు. మీ దీవిలో వినలేదేమో.

మీరు వాడి ఓడ పేరు అడిగారు. తెరాకా ఎక్కిన ఓడే వాడి ఓడ. కాచుకుని ఉన్న కుర్రాడని ఆయన రాశారే, ఆ కుర్రాడు మా వాడే. సొంత కొడుకుని ముందు ఎక్కించాడని లోకం అనకూడదని ఆయన వాణ్ణి అందరి వెనక నిలబెట్టారు. నావికుల బడిలో వీడి తరవాత నేర్చుకున్నవాళ్ళు కూడా ఎక్కి వెళ్ళారు, నేను నోరెత్తలేదు. చివరికి వీడి వంతు వచ్చింది. పెట్టె సర్దాను. వీడు కొత్త బూట్లు తొడుక్కుని ఇంట్లో తిరుగుతుంటే నేనూ ఆయనా నవ్వుకున్నాం. అప్పుడు మీ బుబుసి ఉత్తరం వచ్చింది.

మీ అమ్మగారు సరిగ్గానే చెప్పారు. మీరు వచ్చి మా చాప మీద కూర్చుని ఉంటే ఆ పెట్టె గుమ్మం పక్కనే కనబడేది. చూశాక కూడా మీరు ఆ మాట అనేవారా? అనరని నాకు తెలుసు. అందుకే నాకు మరీ బాధ.

తెరాకాను ఏమీ అనను. వాడు నన్ను అమ్మా అన్నాడు, నా చేతి అన్నం తిన్నాడు. వాడు చల్లగా ఉండాలి. కానీ మీ రేకుల మీద వాన చప్పుడు గురించి రాశారే, అది చదివి ఊరుకోలేకపోయాను.

రోతా

*

ఒనోతోవా
ఫిబ్రవరి, 1986

బౌరో,

రోతా ఉత్తరం అందింది. రాసిందని దాన్ని కోప్పడకు.

బేసియో పడవ ఒకటి తప్పిపోయిందని అక్టోబరులో రేడియోలో విన్నాం. పేర్లు చెప్పేలోపు బ్యాటరీ అయిపోయింది. ఎవరి పిల్లలోనని ఊరంతా ప్రార్థన చేశాం. ప్రార్థన చేయించింది నేనే. తరవాత ఇంటికొచ్చి అన్నం తిన్నాను. యోవానె కోసం అడుగుతున్నానని తెలియకుండానే దేవుణ్ణి అడిగాను, బౌరో.

ఒక్క ముక్క రాయలేకపోయావా? "అది నా కొడుకు చోటు" అని రాస్తే నేను ఊరుకునేవాణ్ణి కాదా? ఆ మాట వెనక్కి తీసుకుని నోరు కడుక్కునేవాణ్ణి. నన్ను అంత మాత్రం మనిషినని కూడా అనుకోలేదా?

తబేతకు చెప్పాను. పొయ్యి మీదున్నది దించేసింది. "తెరాకాను వాళ్ళకిచ్చేద్దాం అన్నయ్యా, వాళ్ళ కొడుకుగా" అంది. ఒకరి బిడ్డను ఒకరు పెంచుకోవడం మనలో కొత్త కాదు. వాడికి ఉత్తరం రాసి పెట్టాను. వచ్చే రేవులో దిగి తిన్నగా మీ ఇంటికి రావాలి. చేపలు పడతాడు, రోతాకు నీళ్ళు తోడతాడు. మాకు మళ్ళీ పస్తులొస్తే రానీ. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది, నీ మాట రాగానే పంపుతాను.

నేను పడవ కోసం కాచుకుని ఉన్నాను. ఈసారి వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను. కొడతావో తిడతావో నీ ఇష్టం.

నకిబే

*

బేసియో
మార్చి, 1986

నకిబే,

ఆ ఉత్తరం పంపకు. నువ్వూ ఇప్పుడు రాకు.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. పొద్దున లేవగానే ఉంటుంది. నా మీదా ఉంటుంది. ఎవరి మీద ఎంతో తూచలేక ఆఫీసుకు వెళ్ళి కూర్చుంటున్నాను. నువ్వు గుమ్మంలో కూర్చుంటే నేను నిన్ను ఓదార్చాలి. అంత ఓపిక నాకింకా రాలేదు.

ఎందుకు రాయలేదని అడిగావు. రాస్తే నువ్వు వెనక్కి తీసుకుంటావని తెలిసే రాయలేదు. అడిగినవాడి చేతే అడిగింది వెనక్కి తీయించడం కాదనడం కంటే అధ్వానమని మా నాన్న అనేవాడు. అయినా రాద్దామనే కలం తీశాను. నీ ఉత్తరం ఇంట్లో పైకి చదివాను. రోతా లేచి వంటపాకలోకి వెళ్ళిపోయింది. యోవానె గాలానికి తాడు కడుతున్నాడు. తలెత్తకుండానే, "బుబుసి అన్నాక ఇంకా చూస్తావేమిటి నాన్నా, పేరు మార్చెయ్. నాకు సముద్రం ఇంటి ముందే ఉందిగా" అన్నాడు. వాడు వద్దని ఉంటే నేనేం చేసేవాణ్ణో తెలియదు. వద్దంటాడేమోనని ఎదురుచూశాననే అనుకుంటాను.

రోతా ఇప్పటికీ వాడి వాటా తీసి పెడుతోంది. నేనేమీ అనడం లేదు. మనవాళ్ళు కొట్టుకుపోయి, వాన నీళ్ళు తాగి, సొరచేపలు పట్టుకు తిని, ఎన్నో నెలల తరవాత పరాయి దీవుల్లో తేలిన సంగతులు నువ్వూ విన్నావు. అందరూ పోరు. కొందరు వస్తారు.

ఇక్కడి నీటి వాలు పడమరకు. తెరాకా ఓడ జపాను నుంచి ఆస్ట్రేలియాకు వెళ్తూ ఆ పడమటి నీళ్ళను దాటుతుంది, వస్తూ దాటుతుంది. మన మనిషి ఒకడు ఆ నీళ్ళ మీద ఉన్నాడు, ఆ ఒక్కడూ వాడే. వాణ్ణి దింపేస్తే అక్కడ చూసేవాళ్ళెవరు?

నేను నిన్ను ఇంతవరకూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, బుబుసి. తెరాకా ఓడలోనే ఉండాలి. కాపలా వేళ వాడి కళ్ళు నీళ్ళ మీద ఉండాలి. అంతే.

బౌరో

*

యోకోహామా రేవు
జూలై, 1986

నాన్నా,

ఇలా పిలవమని మామయ్య రాశాడు. రాయకపోయినా పిలిచేవాణ్ణి. అంతా ఆయన ఉత్తరంలోనే తెలిసింది. రేవులో నా పెట్టె మోస్తూ కూడా యోవానె ఇది తన ఓడని చెప్పలేదు. జాగ్రత్తగా ఉండమని, తడి తాడు మీద కాలు పెట్టొద్దని మాత్రం చెప్పాడు.

తెల్లవారుజాము కాపలా ఎవరికీ ఇష్టం ఉండదు. అది నేను అడిగి తీసుకున్నాను. నా పని అయిపోయాక కూడా ఓడ ముందు భాగంలోనే నిలబడుతున్నాను. మొదట్లో మిగతావాళ్ళు ఎగతాళి చేశారు. ఎందుకో చెప్పాక మానేశారు, ఇప్పుడు ఒకరిద్దరు వచ్చి పక్కన నిలబడుతున్నారు.

కిందటిసారి మన దీవులకు పడమరగా ఏదో తేలుతూ కనబడింది. పడవలాగే ఉంది. కేక పెట్టాను. కెప్టెను ఓడ తిప్పించాడు. దగ్గరికి వెళ్తే పెద్ద దుంగ, దాని మీద పక్షులు. నేను క్షమించమన్నాను. ఆయన, మళ్ళీ కనబడితే మళ్ళీ చెప్పమన్నాడు.

రేపు బయల్దేరుతున్నాం. రోతా అమ్మకు చెప్పండి, చూస్తూనే ఉన్నానని.

తెరాకా